ఆక్టేన్ సంఖ్య, ఇంజన్ నియంత్రణ, ఇంధనాధిక్య మిశ్రమం: ఇథనాల్ పెట్రోలు నేపథ్యంలో పాలమూరు దక్షిణ ప్రాంతం

వ్యాససంగ్రహం:
పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరిన తరువాత కారు ఎక్కువ ఇంధనం తీసుకుంటే దానిని ‘రిచ్‌గా నడవడం’గా భావించడం సాధారణమైంది. ఇంధనవినియోగం పెరగడం, మిశ్రమంలో ఇంధనం అధికం కావడం రెండూ ఒకటి కావు. ఆక్టేన్ సంఖ్య మిశ్రమాన్ని నిర్ణయించదు. మిశ్రమాన్ని నిర్ణయించేది ఇంజన్ నియంత్రణ వ్యవస్థ. అయితే ఆక్టేన్ లోపం పరోక్షంగా మిశ్రమాన్ని చిక్కబరచే మార్గం ఒకటి ఉంది. ఈ సంబంధాన్ని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల రహదారులు, వాతావరణం, వాహనాల స్థితి ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆక్టేన్ సంఖ్య, ఇథనాల్, ఇంధనాధిక్య మిశ్రమం, ఆక్సిజన్ సెన్సార్, నాకింగ్, లాంబ్డా, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్.

1. ఉపోద్ఘాతం

జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలంలోని పెద్ద ధన్వాడ గ్రామం 2025 జూన్‌లో వార్తల్లో నిలిచింది. అక్కడ తలపెట్టిన ఇథనాల్ కర్మాగారం వద్దంటూ చుట్టుపక్కల గ్రామాల రైతులు చేసిన ఆందోళన ఉద్రిక్తతకు దారితీసింది; పలువురు అరెస్టయ్యారు. అంతకుముందే పొరుగున ఉన్న నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరులోనూ, ఉత్తరాన నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లోనూ ఇదే తరహా కర్మాగారాలపై నిరసనలు జరిగాయి. నీరు, గాలి, సాగుభూమి గురించిన ఆ వివాదం ఈ వ్యాసపరిధిలోనిది కాదు. కానీ ఆ కర్మాగారాల ఉత్పత్తి చివరకు చేరేది పెట్రోలు బంకుకే. ధాన్యం పండించే రైతు ఒకచోట ఇథనాల్‌ను ఎదిరిస్తుండగా, అదే రైతు తన బండిలో పోయించుకునే పెట్రోలులో అయిదోవంతు ఇథనాల్ ఉండటం ఈనాటి స్థితి.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అంటే ‘ఈ20’, విక్రయం 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభమైంది. 2030 నాటికి చేరుకోవాలనుకున్న లక్ష్యాన్ని కేంద్రప్రభుత్వం ముందుకు జరపడంతో 2025 నాటికి బంకుల్లో దొరికే సాధారణ పెట్రోలు దాదాపుగా ఇదే అయింది. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలని కోరిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. వాహనదారునికి ఎంపిక లేదు గనుక, తన ఇంజన్‌లో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడమే అతనికి మిగిలిన మార్గం.

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడివడిన ఈ మూడు జిల్లాల్లోనూ కొత్త కార్లకంటె పాత కార్ల ప్రశ్న ముఖ్యమైనది. ఒకసారి హైదరాబాదులో వాడి అమ్మిన కారు చిన్న పట్టణంలో రెండో జీవితం, మూడో జీవితం గడుపుతుంది. ఆ కారు తయారైననాడు ఈ20 లేదు. మైలేజీ తగ్గగానే మెకానిక్ షెడ్డులో వినిపించే తొలి మాట ‘బండి రిచ్‌గా ఉంది’ అని. ఆ ఒక్క మాట తప్పుగా పడితే ఇంజెక్టర్లు మారతాయి, సెన్సార్లు మారతాయి, వేల రూపాయలు ఖర్చవుతాయి. లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

2. పదాల గురించి కొంత

ఇంజన్‌లోకి వెళ్లే గాలికి, ఇంధనానికి మధ్య ఒక రసాయనిక సమతుల్యత ఉంది. ఇంధనమంతా, ఆక్సిజనంతా పరస్పరం వినియోగమై ఏదీ మిగలని నిష్పత్తి అది. స్వచ్ఛమైన పెట్రోలుకు ఈ నిష్పత్తి బరువులో 14.7:1, అంటే ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి. ఇంతకంటె ఇంధనం ఎక్కువైతే ‘రిచ్’, తక్కువైతే ‘లీన్’. తెలుగులో మొదటిదాన్ని ఇంధనాధిక్య మిశ్రమమనీ, రెండవదాన్ని ఇంధనన్యూన మిశ్రమమనీ చెప్పవచ్చు. ‘ధనిక మిశ్రమం’ వంటి మక్కికిమక్కి అనువాదం అర్థాన్ని చెప్పదు సరికదా, విద్యార్థిని తప్పుదోవ పట్టిస్తుంది. మెకానిక్కుల నోట ‘మిక్చర్ చిక్కగా ఉంది’, ‘పల్చగా ఉంది’ అన్న వాడుక ఎంతో సహజం. శాస్త్రార్థానికి కూడా దగ్గరగా ఉంటుంది.

ఇంధనం మారితే 14.7 అన్న సంఖ్య మారుతుంది. అందుచేత ఇంజనీర్లు నిష్పత్తిని నేరుగా వాడక ‘లాంబ్డా’ అన్న కొలమానాన్ని వాడతారు. వాస్తవ నిష్పత్తిని ఆ ఇంధనపు సమతుల్య నిష్పత్తితో భాగిస్తే వచ్చేది లాంబ్డా. విలువ 1 అయితే సమతుల్యం, 1 కంటె తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్. కారు రిచ్‌గా ఉందా అన్న ప్రశ్నకు జవాబు ఈ సంఖ్యలోనే ఉంటుంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్న లెక్కలో ఉండదు.

3. ఆక్టేన్ సంఖ్య దేనిని కొలుస్తుంది?

ఆక్టేన్ సంఖ్య ఇంధనపు శక్తికి కొలమానం కాదు. ఒత్తిడికి, వేడికి గురైనప్పుడు స్పార్క్ అవసరం లేకుండా తనంతట తాను మండిపోకుండా ఇంధనం ఎంతవరకు నిలువగలదో చెప్పే సంఖ్య అది. ఐసో ఆక్టేన్‌కు 100, సాధారణ హెప్టేన్‌కు 0 అని నిర్ణయించి, ఈ రెండింటి మిశ్రమంతో పోల్చి పెట్రోలుకు సంఖ్య ఇస్తారు. మన దేశంలో బంకు వద్ద చెప్పేది ‘రీసెర్చ్ ఆక్టేన్ సంఖ్య’. బి.ఎస్.-6 ప్రమాణాల్లో సాధారణ పెట్రోలుకు ఇది కనీసం 91. ఈ20 పెట్రోలుకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన కనీస విలువ 95.

సిలిండర్‌లో స్పార్క్ పడిన తరువాత మంట ఒక అంచు నుండి మరో అంచుకు సాగుతుంది. ఆ మంట చేరకముందే మూలన మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తాళలేక ఒక్కసారిగా పేలితే లోహాన్ని సుత్తితో కొట్టినట్టు టకటక శబ్దం వస్తుంది. అదే నాకింగ్. తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు, పీల్చే గాలి వేడిగా ఉన్నప్పుడు, ఇంజన్ కాగి ఉన్నప్పుడు ఇది ఎక్కువ. మే నెలలో గద్వాల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఎరిగినవారికి రెండో కారణాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

కేంద్ర పెట్రోలియం మంత్రిత్వశాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఇథనాల్ ఆక్టేన్ విలువను సుమారు 108.5గా, పెట్రోలు విలువను 84.4గా పేర్కొంది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు గ్రహించే ఉష్ణం పెట్రోలుతో పోలిస్తే రెండు రెట్లకు మించి ఉంటుంది; అందువల్ల లోపలికి వెళ్లే మిశ్రమం కొంత చల్లబడుతుంది. నాకింగ్ కోణం నుండి చూస్తే ఈ20 మేలైన ఇంధనమే. అయితే ఆ మేలును ఉపయోగించుకోవాలంటే ఇంజన్‌ను అందుకు తగినట్టు రూపొందించి ఉండాలి. 91 ఆక్టేన్‌కు సరిపడా సంపీడనంతో, సరిపడా స్పార్క్ పట్టికలతో తయారైన పాత ఇంజన్‌కు 95 ఇచ్చినా అది తీసుకోగలిగింది స్వల్పమే.

4. నియంత్రణ యూనిట్ ఏమి చూస్తుంది, ఏమి చూడదు

ఇంజన్ నియంత్రణ యూనిట్ పెట్రోలును చూడదు. లోపలికి వెళ్లే గాలి ఎంతో అంచనా వేస్తుంది. ఇంజన్ వేగం, శీతలజలపు ఉష్ణోగ్రత, పీల్చే గాలి ఉష్ణోగ్రత, థ్రాటిల్ స్థానం తెలుసుకుంటుంది. వీటి ఆధారంగా ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకండ్లు తెరచి ఉంచాలో నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం సరైనదో కాదో తెలిసేది తరువాత, సైలెన్సర్ గొట్టంలో అమర్చిన ఆక్సిజన్ సెన్సార్ ద్వారా. జిర్కోనియాతో చేసిన సాధారణ సెన్సార్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కిన తరువాతే పనిచేస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే దాదాపు 0.1 వోల్టు, మిగలకపోతే దాదాపు 0.9 వోల్టు ఇస్తుంది. మొదటిదాన్ని యూనిట్ లీన్ అని అర్థం చేసుకుని ఇంధనం పెంచుతుంది. రెండవదాన్ని రిచ్ అని గ్రహించి తగ్గిస్తుంది. సెకనులో ఒకటి రెండు సార్లు ఇలా అటూ ఇటూ ఊగుతూ సగటున లాంబ్డాను 1 వద్ద నిలుపుతుంది.

ఈ సవరణలను ‘ఫ్యూయల్ ట్రిమ్’ అంటారు. తక్షణ సవరణ ఒకటి, నేర్చుకుని గుర్తుంచుకునే దీర్ఘకాలిక సవరణ మరొకటి. స్కానర్ పరికరంలో ఇవి శాతాలుగా కనిపిస్తాయి. దీర్ఘకాలిక సవరణ +8 అని కనిపిస్తే యూనిట్ తన పట్టికలో ఉన్నదానికంటె 8 శాతం ఎక్కువ ఇంధనం ఇస్తున్నదని అర్థం. ‘ఎక్కువ ఇస్తున్నది గనుక రిచ్’ అని చదవడం పూర్తిగా తలకిందులైన పఠనం. సవరణకు ముందు మిశ్రమం పల్చగా ఉన్నది గనుకనే యూనిట్ చిక్కబరచింది. సవరణ తరువాత అది సమతుల్యంలో ఉంది. నిజంగా రిచ్‌గా ఉన్న కారులో సవరణ ఋణసంఖ్యగా, −10, −15గా కనిపిస్తుంది. ఆ పొరపాటు ఒక్కటి తొలగితే షెడ్డుల్లో జరిగే అనవసర మార్పిడుల్లో చాలాభాగం ఆగిపోతుంది.

5. ఇథనాల్ చేరినప్పటి లెక్క

ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంది. అందువల్ల అది మండటానికి బయటి గాలి తక్కువ చాలు. దాని సమతుల్య నిష్పత్తి 9:1. ఇప్పుడు లెక్క వేయవచ్చు. ఇథనాల్ సాంద్రత లీటరుకు సుమారు 0.79 కిలోలు, పెట్రోలుది సుమారు 0.745 అనుకుంటే, ఘనపరిమాణంలో 20 శాతమైన ఇథనాల్ బరువులో సుమారు 21 శాతమవుతుంది. ఈ రెండు నిష్పత్తుల సగటు 13.5కు దగ్గరగా వస్తుంది. పది శాతం మిశ్రమానికి ఇదే లెక్క 14.1 ఇస్తుంది.

గాలి మారలేదు, ఇంధనం కోరే గాలి తగ్గింది. కాబట్టి అంతే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఘనపరిమాణంలో చూస్తే స్వచ్ఛమైన పెట్రోలుతో పోలిస్తే ఈ20 సుమారు 7.5 శాతం ఎక్కువ కావాలి. పది శాతం మిశ్రమంతో పోలిస్తే దాదాపు 4 శాతం. స్కానర్‌లో కనిపించే +7, +8కు మూలం ఇదే. ఇంధనం ఎక్కువైంది, లాంబ్డా మాత్రం 1. అది రిచ్ కాదు.

శక్తి లెక్క కూడా ఇక్కడికే వచ్చి చేరుతుంది. ఒక లీటరు ఇథనాల్‌లో దాదాపు 21 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు పెట్రోలులో 32 దాకా ఉంటుంది. 20:80 పాళ్లలో కలిపితే లీటరుకు సుమారు 6.9 శాతం లోటు. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన ఇథనాల్ మార్గసూచి నివేదిక, ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది పది శాతం మిశ్రమానికి సర్దుబాటైన నాలుగు చక్రాల వాహనాలు ఈ20తో 6 నుండి 7 శాతం సామర్థ్యం కోల్పోతాయని అంచనా వేసింది. రసాయనశాస్త్రపు లెక్క, నివేదిక అంచనా ఒకదానికొకటి దగ్గరగా ఉండటం గమనార్హం. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చిన కారు 17 కంటె కొంచెం తక్కువ ఇస్తే అందులో లోపం వెదకనవసరం లేదు. 13కు పడిపోతే ఇథనాల్‌ను నిందించి ఊరుకోవడం మాత్రం తప్పు. అక్కడ మరేదో జరుగుతున్నది.

ఈ లెక్క నుండి మరొక ముఖ్యమైన విషయం తేలుతుంది. ఆక్సిజన్ సెన్సార్ లేని ఇంజన్‌లో, ముఖ్యంగా కార్బ్యురేటర్ ఉన్న పాత కారులో, పాత మోటారుసైకిల్‌లో, సరిదిద్దే యంత్రాంగం లేదు. జెట్ రంధ్రం ఎంతో అంతే ఇంధనం వెళుతుంది. ఈ20 పోస్తే ఆ మిశ్రమం రిచ్ కాదు, లీన్ అవుతుంది. లాంబ్డా సుమారు 1.07 వైపు జరుగుతుంది. అంతకుముందే పల్చగా బిగించిన బండి అయితే ఉదయం మొదటిసారి స్టార్ట్ కాకపోవడం, త్రిప్పగానే తడబడటం, ఎక్కువగా వేడెక్కడం అందుకే. మనదేశంలో ద్విచక్రవాహనాల్లో ఇంధన ఇంజెక్షన్ విస్తృతమైనది 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 అమలైన తరువాతనే. అంతకుముందరి బండ్లు పల్లెల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

దీర్ఘకాలిక సవరణకు హద్దు ఉంది. తయారీదారును బట్టి అది సాధారణంగా 20 నుండి 25 శాతం. గాలి లీకు వల్లనో, బలహీనమైన పెట్రోలు పంపు వల్లనో అప్పటికే +15 వద్ద నడుస్తున్న కారుకు ఇథనాల్ మరో 7 శాతం జతచేస్తే హద్దు దాటుతుంది. హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడు స్కానర్ చూపే సంకేతం పి-0171, అంటే లీన్. రిచ్‌ను సూచించే సంకేతం పి-0172. ఈ20 వాడుతున్న కారులో పి-0172 వచ్చిందంటే ఆ దోషాన్ని ఇథనాల్ మీద వేయడానికి వీల్లేదు. ఇథనాల్ పల్చబరుస్తుండగా కూడా చిక్కదనం మిగిలిందంటే అసలు లోపం కనిపించినదానికంటె పెద్దదన్నమాట.

దీనికి ఒక స్వల్పమినహాయింపు ఉంది. ఈ20కి అలవాటుపడి +8 నేర్చుకున్న యూనిట్‌కు హఠాత్తుగా ఇథనాల్ బాగా తక్కువగా ఉన్న ఇంధనం పోస్తే, కొత్త పాఠం నేర్చుకునేదాకా, ముఖ్యంగా సెన్సార్ ఇంకా వేడెక్కని తొలి నిమిషాల్లో, మిశ్రమం నిజంగానే చిక్కగా ఉంటుంది. కొన్ని పదుల కిలోమీటర్ల ప్రయాణంలో అది సర్దుకుంటుంది.

6. ఆక్టేన్ లోపం రిచ్‌కు దారితీసే మార్గం

ఆక్టేన్‌కూ మిశ్రమానికీ నేరుగా సంబంధం లేదన్నంత మాత్రాన అసలు సంబంధమే లేదని కాదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా నల్లమలలోకి ఎక్కే శ్రీశైలం రహదారిని ఉదాహరణగా తీసుకోవచ్చు. నిండుగా మనుషులు, సామాను, ఏ.సి., వేసవి ఎండ. డ్రైవరు గేరు తగ్గించక యాక్సిలరేటర్ నొక్కి ఎక్కించే ప్రయత్నం. నాకింగ్‌కు ఇంతకంటె అనువైన పరిస్థితి ఉండదు.

ఇంజన్ దిమ్మకు బిగించిన నాక్ సెన్సార్ ఆ ప్రకంపనాన్ని పట్టుకుంటుంది. యూనిట్ వెంటనే స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. శబ్దం ఆగుతుంది. అయితే ఆలస్యంగా మొదలైన మంట ఆలస్యంగా ముగుస్తుంది. పిస్టన్‌ను నెట్టవలసిన వేడిలో కొంత సైలెన్సర్ గొట్టంలోకి పోతుంది. పొగ ఉష్ణోగ్రత పెరిగి కెటాలిటిక్ కన్వర్టర్‌కు, ఎగ్జాస్ట్ వాల్వులకు, టర్బో ఉంటే దానికి ప్రమాదమయ్యే స్థాయికి చేరుతుంది. అప్పుడు యూనిట్ చేసేది ఇంధనం పెంచడం. మండని అదనపు ఇంధనం ఆవిరవుతూ వేడిని గ్రహిస్తుంది. అంతటితో ఆక్సిజన్ సెన్సార్ మాట వినడం తాత్కాలికంగా ఆపి లాంబ్డాను 0.9 కిందికి, కొన్ని ఇంజన్లలో 0.85 దాకా దింపుతుంది. ఇది నిజమైన రిచ్. లోపం వల్ల వచ్చింది కాదు. ఇంజన్‌ను కాపాడటానికి రూపకర్తలు కావాలని పెట్టిన ఏర్పాటు.

తక్కువ ఆక్టేన్, నాకింగ్, స్పార్క్ ఆలస్యం, పొగ వేడి, అదనపు ఇంధనం. ఈ వరుసలోనే ఆక్టేన్ మైలేజీని తింటుంది. ఈ20లోని 95 ఆక్టేన్ ఈ వరుసను మొదట్లోనే తెంచగలదు. అందువల్ల నాక్ సెన్సార్ ఉన్న కారు కనుమదారిలో, పూర్తి బరువుతో, ఇథనాల్ వల్ల కొంత లాభపడవచ్చు. బీచుపల్లి వద్ద కృష్ణను దాటి పెబ్బేరు, కొత్తకోటల మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి వంటి చదునైన దారిలో సమవేగంతో వెళ్లేటప్పుడు ఆ లాభం ఉండదు, శక్తి లోటు మాత్రమే మిగులుతుంది. ‘ఈ20 మంచిదా, చెడ్డదా’ అన్న చర్చ ఇరుపక్షాలకూ సగమే నిజం కావడానికి ఒక కారణం ఇదే. ప్రశ్నను దారితో, బరువుతో, ఇంజన్‌తో కలిపి అడగాలి.

సెన్సార్ లోపం వల్ల రిచ్‌గా నడుస్తున్న కారుకు ఖరీదైన 95 లేదా 100 ఆక్టేన్ పెట్రోలు పోయడం మందు కాదు. కారుతున్న ఇంజెక్టర్‌కు ఆక్టేన్ సంఖ్య తెలియదు.

7. నిజంగా రిచ్ అయినప్పుడు

ప్లగ్గులపై పొడి మసి, సైలెన్సర్ నుండి నల్లని పొగ, పెట్రోలు వాసన, నిదానంగా ఉన్నప్పుడు వణుకు, ఇంజన్ ఆయిల్‌లో పెట్రోలు వాసన నిజమైన రిచ్ లక్షణాలు. కారణాల్లో అత్యంత మోసకారి శీతలజలపు ఉష్ణోగ్రత సెన్సార్. చల్లగా ఉన్నప్పుడు దీని విద్యున్నిరోధం ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. తీగ పూర్తిగా తెగితే యూనిట్ ఆ లోపాన్ని గుర్తిస్తుంది. కానీ కనెక్టర్‌లో చిలుము పట్టి నిరోధం కొద్దిగా పెరిగితే అది ఎవరికీ అనుమానం రాని అబద్ధం చెబుతుంది. బయట 42 డిగ్రీలున్నా యూనిట్‌కు ఇంజన్ ఇంకా కాగలేదనిపిస్తుంది; చలికాలపు ఉదయాన ఇచ్చినట్టు అదనపు ఇంధనం ఇస్తూనే ఉంటుంది. వేసవిలో రిచ్ అయ్యే కారులో మొదట చూడవలసింది స్కానర్‌లో కనిపించే ఈ ఉష్ణోగ్రత. ఉదయం, రాత్రంతా ఆగి ఉన్న కారులో అది బయటి గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

మూసుకోని ఇంజెక్టర్, ఇంధనపీడన నియంత్రకం చెడిపోవడం, ట్యాంకు ఆవిర్లను ఇంజన్‌లోకి పంపే వాల్వు తెరుచుకునే ఉండిపోవడం, మానిఫోల్డ్ పీడన సెన్సార్ గొట్టం పగలడం తరువాతి కారణాలు. వీటి గురించి తెలిసినవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు.

ఆక్సిజన్ సెన్సార్ చెప్పే అబద్ధం మరొక రకం. అది కొలిచేది ఆక్సిజన్‌నే గాని పెట్రోలును కాదు. సెన్సార్‌కు ముందున్న సైలెన్సర్ గొట్టంలో చిన్న పగులు ఉంటే పొగ అలల నడుమ బయటి గాలి లోపలికి పీల్చుకుపోతుంది. ఒక సిలిండర్‌లో స్పార్క్ తప్పితే మండని ఆక్సిజన్ యథాతథంగా బయటికొస్తుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సార్ ‘లీన్’ అంటుంది, యూనిట్ ఇంధనం పెంచుతుంది, ఇంజన్ నిజంగా రిచ్ అవుతుంది. స్కానర్‌లో మాత్రం సవరణ ధనసంఖ్యగానే ఉంటుంది. ఇంతకుముందు చెప్పిన ధన, ఋణ సూత్రం భంగమయ్యేది ఇక్కడే. కాబట్టి +20 చూపే కారులో ప్లగ్గులు మసిబారి ఉంటే సెన్సార్ మాటను కాక ప్లగ్గుల మాటను నమ్మాలి. ఆ తరువాత పొగ గొట్టపు అతుకులు చూడాలి.

8. నీరు: ఇథనాల్‌పై న్యాయమైన ఆరోపణ

ఇథనాల్ నీటిని ఇష్టపడుతుంది. కొద్దిపాటి తేమను తనలో కరిగించుకుని ఇంజన్ ద్వారా బయటికి పంపేస్తుంది. ఒక హద్దు దాటితే పెట్రోలును విడిచి నీటితో కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా నిలుస్తుంది. బంకు నేలట్యాంకులో వర్షపునీరు చేరినా, నెలల తరబడి కదలని కారు ట్యాంకు మూత సరిగా పట్టకపోయినా ఇది జరగవచ్చు. పంపు పీల్చేది అడుగు నుండే గనుక మొదట ఇంజన్‌కు అందేది ఆ నీటి పొర. స్పార్క్ తప్పుతుంది, ఆక్సిజన్ సెన్సార్ లీన్ అంటుంది, యూనిట్ చిక్కబరుస్తుంది. పై పొరగా మిగిలిన పెట్రోలు ఇథనాల్‌ను కోల్పోయింది. దాని ఆక్టేన్ 95 కాదు, మూలపెట్రోలు విలువ అయిన 84 వైపు పడిపోయి ఉంటుంది. అంటే ఒకే ట్యాంకులో మొదట స్పార్క్ తప్పడం వల్ల, తరువాత నాకింగ్ వల్ల, రెండు వేర్వేరు మార్గాల్లో కారు రిచ్‌వైపు నెట్టబడుతుంది. ఇథనాల్ కారణంగా కారు రిచ్ అయిందన్న మాటకు ఎక్కడైనా బలముంటే అది ఇక్కడ ఉంది. పాత రబ్బరు సీళ్లు, గొట్టాలు ఇథనాల్ వల్ల ఉబ్బి పగిలి ఇంజెక్టర్ వద్ద కారటాన్ని కూడా దీనితోపాటు చెప్పుకోవాలి. 2023 ఏప్రిల్ నుండి తయారైన కార్లలో ఈ భాగాలు ఈ20కి తగినవి. అంతకుముందరి కార్ల యజమానులు వాటిని సకాలంలో మార్పించుకోవడం మేలు.

ట్యాంకు నుండి ఒక పారదర్శకమైన సీసాలోకి కొద్దిగా ఇంధనం తీసి కొంతసేపు కదలకుండా ఉంచితే అడుగు పొర కంటికి కనిపిస్తుంది. స్కానర్ లేని షెడ్డులో కూడా చేయదగిన పరీక్ష ఇది.

9. కాలుష్య పరీక్ష చెప్పే సంగతి

మూడుమార్గాల కెటాలిటిక్ కన్వర్టర్ సక్రమంగా పనిచేసేది లాంబ్డా 1కి అటూ ఇటూ అతిసన్నని పరిధిలోనే. రిచ్ అయితే కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు పెరుగుతాయి; అదనపు ఇంధనం కన్వర్టర్‌లో చేరి అక్కడ మండితే లోపలి పింగాణీ జాలి కరిగిపోతుంది. కన్వర్టర్ ఖరీదుతో పోలిస్తే శీతలజలపు సెన్సార్ ధర లెక్కలోనికి రాదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్షలో బి.ఎస్.-4, ఆపై ప్రమాణాల పెట్రోలు కార్లకు నిదాన వేగంలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతానికి మించరాదు. అధిక నిదాన వేగం, అంటే నిమిషానికి సుమారు 2500 భ్రమణాల వద్ద, 0.2 శాతానికి మించరాదు. అక్కడే లాంబ్డా 0.97, 1.03 మధ్య ఉండాలి. ఈ20తో నడిచే ఆరోగ్యవంతమైన కారు ఈ పరీక్షను ఇబ్బంది లేకుండా దాటుతుంది. నాలుగువాయువుల విశ్లేషకం ఉన్న కేంద్రంలో గొట్టాన్ని సైలెన్సర్‌లోకి సక్రమంగా పెట్టి తీసిన ఆ ఒక్క లాంబ్డా సంఖ్య, కారు రిచ్‌గా ఉందా లేదా అన్న వివాదాన్ని అక్కడికక్కడే తేలుస్తుంది. అయితే విశ్లేషకం ఆ సంఖ్యను కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ నిష్పత్తుల ఆధారంగా గణిస్తుంది. స్వచ్ఛమైన పెట్రోలు నిష్పత్తులతోనే ఉన్న పాత విశ్లేషకం ఈ20 పొగను కొలిచినప్పుడు కొద్దిపాటి తేడా రావచ్చు.

వనపర్తి సంస్థానాధీశుల రాజప్రాసాదంలో 1959 నుండి నడుస్తున్న ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి విద్యాసంస్థలకు ఇది సిద్ధంగా ఉన్న ప్రయోగవిషయం. ఒకే కారుకు మొదట ట్యాంకులోని ఇంధనంలో నీరు పోసి కలిపి, అడుగున దిగిన పొరను కొలిచి ఇథనాల్ శాతాన్ని నిర్ధారించడం, తరువాత స్కానర్‌లో దీర్ఘకాలిక సవరణను, విశ్లేషకంలో లాంబ్డాను నమోదు చేయడం, మన్ననూరు ఎక్కుడులో స్పార్క్ ఆలస్యాన్ని గమనించడం డిప్లొమా విద్యార్థులకు అందని పనులు కావు. పెబ్బేరు దారిలోనూ, నల్లమల దారిలోనూ విడివిడిగా తీసిన కొలతలు పక్కపక్కన ఉంచితే ఆక్టేన్ వాటా ఎంతో, శక్తి లోటు వాటా ఎంతో ఆ ప్రాంతపు కారుకు ఆ ప్రాంతంలోనే తెలుస్తుంది.